కాళిజాయి డెక్కు: ఒక టేకు పని డైరీ

నవంబరు 5, కార్తీక పౌర్ణమి

తెల్లారకముందే చిలికా సరస్సు ఒడ్డున రంభ రేవు నిండా జనం. ఒడియావాళ్ళకి ఇవాళ బొయిత వందాణ. బాలి, జావా దీవులకు ఓడలేసుకుని పోయిన సాధవుల్ని, అంటే ఆనాటి ఓడ వర్తకుల్ని, తలుచుకుని అరటిదొప్పల పడవల్లో దీపాలు పెట్టి చిలికా నీళ్ళలోకి వదులుతారు. మా పిన్ని కార్తీక దీపం కూడా అదే నీళ్ళలో, అలాంటి దొప్పలోనే కదిలింది. అన్ని పడవలూ నీళ్ళలో దిగుతున్నాయి, మా చిన్నాన్న పడవొక్కటే గట్టు మీద తాటిదుంగలకు ఒరిగి ఉంది. సంక్రాంతికి దాన్ని నీళ్ళలో దింపాలి, చిలికా మధ్య దీవిలో ఉన్న కాళిజాయి గుడి దాకా వెళ్ళి రావాలి. పని ఇవాళే మొదలు.

పడవ ఇరవై రెండడుగులు. అడుగుభాగం సాల చెక్క. మనం గుగ్గిలం చెట్టు అంటామే, అదే. పైభాగమంతా టేకు: డెక్కు పట్టీలు, రెండు బెంచీలు, అంచుపట్టెలు, చుక్కాని పిడి, వెనక అమరం దగ్గర ఇటొకటి అటొకటి పేరుపలకలు. ఒక పలక మీద తెలుగులో, ఇంకోదాని మీద ఒడియాలో ‘కాళిజాయి’ అని చెక్కించారు చిన్నాన్న.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి ఇది షెడ్డులో క్షేమంగానే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను షెడ్డు కప్పు ఎగరేసుకుపోయింది. తర్వాత చిన్నాన్నకు మోకాలి ఆపరేషను. కప్పిన టార్పాలిన్లు ఏడాదికొకటి చొప్పున చిరిగిపోయాయి. ఏడేళ్ళు ఎండకీ వానకీ వదిలేశాం.

ఇప్పుడు టేకంతా బూడిద రంగు. దక్షిణం వైపు వెండిలా మెరుస్తోంది, నీడ పట్టున నల్లటి బూజు. మేకులున్న చోటల్లా సిరా ఒలికినట్టు మరకలు. చూసిన పక్కింటాయన పట్టీలన్నీ పీకేసి ఫైబరు వేయించుకోమన్నాడు.

మేస్త్రి తాత ఏమీ అనలేదు. గోపాల్‌పూర్‌లో మేకన్నది లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన పడవల మధ్య పుట్టి పెరిగినాయన. ఉలి తీసి, బెంచీ చివర గోరంత మేర పైపొర లేపారు. కింద తేనె రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త చెప్పుల దుకాణంలో అడుగుపెట్టినప్పటి వాసన. లేచిన పొరను వేళ్ళ మధ్య నలిపి చూపించారు. వార్తాపత్రిక కాగితం రెండు మడతలంత మందం, అంతే.

“ఇది సచ్చిపోలేదు బాబూ. పైన దుమ్ము కప్పుకుని తొంగుంది.”

నవంబరు 9, ఆదివారం

బరంపురం నుంచి మొదటి బస్సుకే వచ్చాను. సంచిలో మందం కొలిచే వెర్నియర్ ఉంది. డెక్కు ఎంత మందం మిగిలిందో తెలియకుండా ఏ పనీ చేయకూడదన్నది నా పట్టుదల.

ఈ రోజు కొలిచిందే ఈ పని మొత్తానికీ కీలకం, అందుకే వివరంగా రాసుకుంటున్నాను. బెంచీ కాళ్ళ కింద ఎవరి చెయ్యీ పడని చోట పట్టీ మందం 19.5 మిల్లీమీటర్లు. మనుషులు నడిచే మధ్యభాగంలో 16. అంటే మూడున్నర మిల్లీమీటర్ల టేకు పోయింది. ఎండే తినేసిందని మొదట అనుకున్నాను. అలాగైతే బెంచీ పలకలు ఇంకా ఎక్కువ అరగాలి, అవి డెక్కు కంటే ఎండకి ఎదురుగా ఉంటాయి కదా! బెంచీ బోల్టు విప్పి, వాచరు కింద దాగిన చోటునీ పక్కనే ఎండపట్టునున్న చోటునీ కొలిచాను. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు.

చిన్నాన్నని అడిగాను. ప్రతి సంక్రాంతికీ డెక్కు తెల్లగా రావాలని చాకలిసోడా చల్లి ఇనప తీగల బ్రష్షుతో రుద్దించేవారట, పదిహేనేళ్ళ పాటు. బెంచీలకు ఆ సేవ జరగలేదు. వాటిని తడిగుడ్డతో తుడిచేవారంతే.

టేకులో ఏటేటా మెత్తటి గీత ఒకటి, గట్టి గీత ఒకటి పడతాయి. తీగల బ్రష్షు మెత్తదాన్ని తవ్వుకుపోతుంది, గట్టిది గట్టులా నిలుస్తుంది. కాళ్ళకు గుచ్చుకుంటోందని ఆ గట్లను సాండ్‌పేపరుతో చదును చేస్తారు. వచ్చే ఏడు మళ్ళీ బ్రష్షు, మళ్ళీ సాండ్‌పేపరు. సోడా లాంటి క్షారాలు ఆ మెత్తటి భాగాన్ని ఇంకా వదులు చేస్తాయి. ఎండ చేసే పని వేరు. చెక్క కణాలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురును పైపైన విరగ్గొడుతుంది, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలేది బూడిద రంగు పీచు. ఆ పీచు పొరే కింది చెక్కకు నీడ.

చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “శుభ్రం చేస్తున్నాననుకున్నాన్రా” అన్నారు. ఆయన ఈ పడవని ఎంత ప్రేమగా చూసుకున్నారో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాటకు నాకేం చెప్పాలో తోచక వెర్నియర్ డబ్బాలో పెట్టేశాను.

తాతే తేల్చేశారు. “ఇకనించి ఎంత పొట్టొస్తే అంతా ఒక్క సీసాలో ఎయ్యండి. సీసా నిండిందంటే పని ఆపీయాలి.” పిన్ని ఖాళీ హార్లిక్స్ సీసా ఒకటి ఇచ్చింది.

నవంబరు 16

కడుగుడు. సబ్బు ద్రావణం, మెత్తటి బ్రష్షు, చిలికా నీళ్ళు. గీతవాలుగా రుద్దితే బ్రష్షు వెంట్రుకలు మెత్తటి గాడుల్లోనే పరిగెత్తి ఇంకా లోతు చేస్తాయి, అందుకని ఎప్పుడూ గీతకు అడ్డంగానే. ఊళ్ళో కార్లు కడిగే ప్రెషర్ మిషను అద్దెకు దొరుకుతుంది, మా తమ్ముడు తెస్తానన్నాడు. వద్దన్నాను. ఆ నీటి ధార తీగల బ్రష్షు కంటే వేగంగా తవ్వేస్తుంది.

చిలికా నీళ్ళెందుకంటే, ఈ సరస్సు సగం ఉప్పు, సగం తీపి. ఉప్పు బూజును ఎదగనివ్వదు, గాలిలోని తేమను పట్టి ఉంచి పట్టీలు ఎండి ముడుచుకుపోకుండా చూస్తుంది. పాత ఓడల్లో పొద్దున్నే డెక్కు మీద సముద్రపు నీళ్ళు గుమ్మరించడం ఇందుకే. తాతకి ఈ కారణాలతో పని లేదు. “ఉప్పునీల్లు టేకుకి అన్నం” అంటారు.

మొదటి విడత నీళ్ళు కాఫీ డికాషన్‌లా దిగాయి. మూడో విడతకి పలచటి టీ. బూజంతా పోయింది. మేకుల చుట్టూ ఉన్న నల్ల మరకలు మాత్రం చెక్కు చెదరలేదు.

నవంబరు 20

తప్పు జరిగింది, నా చేతుల మీదే. సెలవు దొరికిందని వచ్చి, అంచుపట్టె మీద మిగిలిన మరకల్ని అంట్లు తోమే స్టీలు పీచుతో మెల్లగా రుద్దాను. తాత ఆ రోజు లేరు. సాయంత్రానికి చాలా బాగా కనిపించింది. రాత్రి మంచు కురిసింది. పొద్దున చూస్తే పట్టె పొడుగునా ఆవగింజలంత నల్లచుక్కలు వందల్లో లేచాయి. పీచులోంచి రాలిన ఇనప నలుసులన్నీ చెక్కలో దిగి తుప్పుపట్టాయి.

ఇది మనవాళ్ళకు కొత్త సంగతేం కాదు. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవారు. కరక్కాయలో వగరు, అన్నభేదిలో ఇనుము, రెండూ కలిస్తే ఎన్నేళ్ళైనా వెలవని నలుపు. టేకులోనూ ఆ వగరుంది. తడి తగలగానే మేకు చుట్టూ అదే సిరా తయారవుతుంది. నేను అంచుపట్టె మీద ఆ సిరానే చల్లానన్న మాట. పడవ మీద స్టీలు పీచు వద్దే వద్దు. గిన్నెలు తోమే ఆకుపచ్చ నైలాన్ ముక్క చాలు.

నవంబరు 23

బరంపురం బడా బజారులో ఆక్సాలిక్ యాసిడ్ కొన్నాను. పంచదారలా పలుకులు. విషం కనక పిన్ని వంటింటి దరిదాపులకు రానివ్వలేదు. రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, ప్లాస్టిక్ బకెట్. లీటరు గోరువెచ్చటి నీళ్ళకి 60 గ్రాములు కలిపాను. మొదట బెంచీ అడుగున, ఎవరికీ కనబడని చోట రాసి చూశాను.

పావుగంట పట్టింది. రాసిన రెండు నిమిషాలకే నల్ల మరక అంచులు ఊదారంగుకు తిరిగాయి, తర్వాత మధ్యలోకి పలచబడుతూ వచ్చి, చివరికి మేకు తల చుట్టూ సన్నటి ఉంగరం మాత్రం మిగిలింది. రెండోసారి రాస్తే అదీ పోయింది. ఇది చెక్కని గీకదు, ఇనుమును తనలో కరిగించుకుని బయటికి తెస్తుంది. అందుకే నాకు దీని మీద గురి. బజారులో రెండు సీసాల క్లీనర్లు దొరుకుతాయి, ఒకటి క్షారం, రెండోది ఆమ్లం. వాటితో నిమిషాల్లో తెల్లబడుతుంది గానీ మెత్తటి గీత మళ్ళీ కరుగుతుంది. 16 మిల్లీమీటర్ల డెక్కుకు ఆ వైద్యం చేయను.

కడిగిన నీళ్ళు చిలికాలోకి పోకూడదు. పడవ కింద టార్పాలిన్ తొట్టిలా కట్టి పట్టాం. అందులో తమలపాకుల్లోకి వాడే సున్నం కలిపితే పాలలా తెల్లగా విరిగి అడుగున కూర్చుంది. సున్నంతో కలిసిన ఆక్సాలిక్ ఇక నీళ్ళలో కరగదు. పైన తేరిన నీళ్ళు గట్టు మీద ఇసుక గోతిలో పోశాం, కింది ముద్దను పారతో ఎత్తి పాతిపెట్టాం.

ఆరాక డెక్కు ఎండుగడ్డి రంగులో ఉంది. నా నల్లచుక్కలూ పోయాయి. సీసాలో పొట్టు ఇంకా ఏమీ లేదు.

నవంబరు 30

మేకుల పని. పదేళ్ళ కిందట ఎవరో మరమ్మతు చేసి ఇనప మేకులు దిగ్గొట్టారు. మొత్తం నలభై మూడు. మీట వేసి పెకిలిస్తే పట్టీ చీలుతుందని తాత ఒక్కో తలనూ ఎర్రగా కాల్చిన కడ్డీతో వేడిచేసి, చల్లారాక పటకారుతో అటూ ఇటూ మెలితిప్పి లాగారు. వేడికి మేకు సాగి, చల్లారినప్పుడు ముడుచుకుని పట్టు వదిలేస్తుందట. నలభై ఒకటి శుభ్రంగా వచ్చాయి.

వాటి బదులు 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు విశాఖపట్నం నుంచి తెప్పించాను. ఇత్తడివి సులువుగా దొరుకుతాయి గానీ, ఉప్పునీళ్ళలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి స్క్రూ పెళుసైపోతుంది.

స్క్రూ తల మీద టేకు బిరడా కూర్చోవాలి. డెక్కు అరగడం వల్ల పాత బిరడాలు చాలా చోట్ల నాలుగు మిల్లీమీటర్లకు వచ్చేశాయి, కొన్ని ఊడిపోయాయి కూడా. గుంటలన్నీ మళ్ళీ లోతు చేయాల్సి వచ్చింది.

కొత్త బిరడాలకు చెక్క ఇచ్ఛాపురం నుంచి వచ్చింది. మా తాతయ్యవాళ్ళ పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడు చిన్నాన్న దాచిన గుమ్మం ముక్క. తాతయ్య నాన్నగారు రంగం వెళ్ళొచ్చిన డబ్బుతో కట్టిన ఇల్లది. గోపాల్‌పూర్ రేవు నుంచి స్టీమర్లలో వేలమంది మనవాళ్ళు రంగూన్ వెళ్ళిన కాలం. ఆ గుమ్మాన్ని ఇంట్లో అందరూ రంగం టేకు అనే పిలిచేవారు. కోస్తే లోపల గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, గోరు వెడల్పులో పన్నెండు లెక్కపెట్టాను. ఉలి మొండిబారుతోందని తాత అరగంటకోసారి సానరాయి పట్టారు. టేకులో ఇసుకలో ఉండే సిలికానే ఉంటుంది, పదును తినేస్తుంది.

బిరడా గీతని పట్టీ గీతతో కలిపి కూర్చోబెట్టాలి. అడ్డంగా పెడితే రెండూ రెండు దిక్కులకు ఉబ్బి అతుకు విడుతుంది. ఎపాక్సీ జిగురు వాడలేదు, వార్నిష్ చుక్కతో దిగ్గొట్టారు. “రేపెవడో ఇప్పుకోవాలి గదా!” అన్నారు.

సాయంత్రం టీ తాగుతూ ట్రింకోమలీ అనే ఓడ సంగతి చెప్పాను. 1817లో బొంబాయిలో నౌకలు కట్టే వాడియాల కుటుంబం చేతుల మీద తయారైన టేకు యుద్ధనౌక, ఇంగ్లండులో హార్టిల్‌పూల్ దగ్గర ఇప్పటికీ నీళ్ళ మీదే ఉంది. తాత దాని గురించి ఒక్కటే అడిగారు: దాని డెక్కు ఎవరు కడుగుతారని.

డిసెంబరు 7

బ్రష్షు తవ్విన గట్లు. వాటిని పూర్తిగా చదును చేయాలంటే ఇంకో మిల్లీమీటరు పోతుంది. ఒప్పుకోలేదు. గాజు పెంకు విరిచి, దాని అంచుతో గట్ల మొనలు మాత్రం తీశారు తాత. సాండ్‌పేపరు దుమ్ము లేపుతుంది, గాజు ఉల్లిపొరలాంటి చుట్టలు తీస్తుంది. చెప్పులు లేకుండా నడిచి చూశాను, గుచ్చుకోవడం లేదు. అడుగు కింద గీతలు తెలుస్తూనే ఉన్నాయి. అవి అలాగే ఉంటాయి. సీసాలో పొట్టు మూడు వేళ్ళెత్తు.

మిగతా రోజంతా పేరుపలకలకే సరిపోయింది. ఒడియా పలక నీడవైపుది, బాగుంది. తెలుగు పలక ఎండవైపుది. ‘కా’ లోతుగానే ఉంది, ‘జా’, ‘యి’ ఫర్వాలేదు. ‘ళి’ మాత్రం దాదాపు మాసిపోయింది, లోపలి సున్న చుట్టు ఒక మిల్లీమీటరు లోతు కూడా లేదు. పలకను పైనుంచి గీకితే బూడిద రంగుతో పాటు అక్షరమూ పోతుంది. వెదురు పుల్ల చెక్కి, టూత్‌బ్రష్షుతో కలిపి ఒక్కో వంపులోంచి మట్టి తీశాం. తాతకి చదువు రాదు. నేను కాగితం మీద ‘ళి’ పెద్దగా రాసి చూపిస్తే, వేలితో దాని మీద మూడుసార్లు పోయి, తర్వాత సన్న ఉలితో పాత గాడిలోనే వెంట్రుకవాసి కిందికి దించారు. చేయి ఒక్కచోట కూడా జారలేదు.

డిసెంబరు 14

నూనె గొడవ. ఊళ్ళో ప్రతివాళ్ళూ అవిసె నూనె పట్టించమంటున్నారు. పట్టించిన రోజు అందంగా ఉంటుంది, నిజమే. చిన్నాన్న ఒక ఏడు పట్టించి చూశారట, శ్రావణానికల్లా డెక్కు పెనంలా నల్లబడింది. మన ఉక్కపోతలో ఆ నూనె బూజుకి తిండి. టేకు ఆయిల్ అని డబ్బాల్లో వచ్చేది టేకు నుంచి తీసిందని చాలామంది నమ్ముతున్నారు. మామూలుగా అందులో ఉండేది అవిసె నూనో టంగ్ నూనో, దాన్ని పలచన చేసే ద్రావకమూను. టేకు నూనె టేకులోనే ఉంది.

అందుకని నా నిర్ణయం ఇది. డెక్కు, బెంచీలు వట్టి చెక్కగానే ఉంటాయి, బూడిద రంగుకు తిరిగితే తిరగనీ. పేరుపలకలకీ చుక్కాని పిడికీ మాత్రం వార్నిష్, ఎందుకంటే అక్షరాలు ఇంకా అరగకూడదు. అంచుపట్టె వెనకవైపు మూడు జానెడు ముక్కలు గుర్తుపెట్టాను: ఒకటి వట్టిది, ఒకటి అవిసె నూనెది, ఒకటి సీలరుది (చెక్క రంధ్రాలు మూసే పూత). ఊరివాళ్ళతో వాదించే బదులు వాటినే చూపిస్తాను.

డిసెంబరు 15 నుంచి 31

వార్నిష్ ఏడు పూతలు. వేసింది చాలావరకు మా చెల్లి, చిన్నాన్న కూతురు. మొదటి పూతకు ముందు ఎసిటోన్‌తో తుడవాలి, లేకపోతే టేకు జిడ్డు మీద వార్నిష్ నిలవదు. తుడిచిన గుడ్డ పసుపు గుడ్డలా అయింది. మొదటి పూతలో సగానికి సగం టర్పెంటైన్, రెండోదానిలో పావు, తర్వాత చిక్కగా. పూతకీ పూతకీ మధ్య 320 నెంబరు సాండ్‌పేపరుతో తేలిగ్గా రుద్దాలి. పొద్దున మంచు ఆరాక తొమ్మిదింటికి మొదలెట్టి పదకొండుకల్లా ముగించాలి. మిట్టమధ్యాహ్నం వేస్తే బుడగలు. నాలుగో పూత సాయంత్రం నాలుగింటికి వేసింది, పాపం కాలేజీ నుంచి అప్పుడే వచ్చింది. రాత్రి మంచుకి అద్దం మీద ఆవిరి పట్టినట్టు తెల్లబారింది. ఆ పూత తీసి మళ్ళీ వేసింది.

పట్టీల సందుల్లో దూదిపేనిన తాడు కూరి, గుగ్గిలం పొడి నూనెలో కాచి పోశారు తాత. ఇల్లంతా సాంబ్రాణి వేసినట్టుంది. పిన్ని దేవుడి గదిలోంచి వచ్చి ఎవరు ధూపం వేశారని అడిగింది.

జనవరి 11

నీళ్ళలో దించాం. ఏడేళ్ళు ఎండిన సాల చెక్క కనక నాలుగు చోట్ల ఊట. తాత కంగారు పడలేదు, రెండ్రోజులు తోడుతూ ఉండమన్నారు. రెండో రాత్రికి చెక్క ఉబ్బి ఊటలు మూసుకున్నాయి.

జనవరి 14

కాళిజాయి గుడికి వెళ్ళొచ్చాం. జాతర జనం మధ్య పడవ కట్టడానికి చోటు దొరకడమే గంట పట్టింది. చిన్నాన్న అమరం దగ్గరే కూర్చున్నారు, దారి పొడుగునా చేయి చుక్కాని పిడి మీదే ఉంది. తిరిగొచ్చాక ఆయనే బకెట్‌తో చిలికా నీళ్ళు ముంచి డెక్కు మీద పోశారు, బ్రష్షు పట్టుకోలేదు.

డెక్కు మధ్యలో మళ్ళీ కొలిచాను: 15.9. సీసా సగానికి కాస్త తక్కువ.

మార్చి 8

తేనె రంగు పోయింది. డెక్కు పలచటి బూడిదలోకి తిరుగుతోంది, బెంచీలు ఇంకా కొంచెం గోధుమగానే ఉన్నాయి. వారానికి రెండుసార్లు చిన్నాన్న ఉప్పునీళ్ళు పోస్తున్నారు. నెలకోసారి సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్షు, అడ్డంగా. వార్నిష్ మెరుపు తగ్గలేదు, వానాకాలం ముందు ఇంకో రెండు పూతలు వేయాలి.

పరీక్ష ముక్కల్లో అవిసె నూనె పట్టించినదాని మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లచుక్కలు మొదలయ్యాయి. సీలరు ముక్క రంగు నిలిచింది, ఒక అంచున లేస్తోంది. వట్టి ముక్క బూడిద రంగుకు వచ్చింది, చుక్క కూడా లేదు. పక్కింటాయన్ని తీసుకొచ్చి మూడూ చూపించాను. వేలితో ఒక్కొక్కటీ తడిమి, తన పడవ అంచుకి నూనె పట్టించడం ఆపుతానన్నాడు.

డెక్కు మధ్యలో వెర్నియర్ పెట్టాను. 15.9.